బల్లకు దూరమైన మాస్టారు

చైనావాళ్ళు పోయిన పెద్దల కోసం కాగితాలు కాల్చే నెల వచ్చింది. సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా బ్లాకు కింద రాజేసిన మంట పొగ ఎనిమిదో అంతస్తు దాకా ఎక్కి వస్తోంది. "కిటికీ మూసెయ్ లా, డాడీ" అంది మా అమ్మాయి, ఇక్కడివాళ్ళ యాసలో. మూశాను గాని వాసన పోలేదు. ఈ వాసన తగిలితే చాలు, రత్నం మాస్టారు గుర్తొస్తారు. నా మీద నాకే చిరాకేస్తుంది.

వైటూకే కంప్యూటర్ పనుల పేరు చెప్పి మేమంతా సింగపూర్‌కు ఎగబడిన రోజులవి. వారమంతా పాయా లేబర్ పేటలో మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసి రాసి, ఆదివారం బూన్ లేలో ఒక ఫ్లాట్‌లో జరిగే తెలుగు ప్రార్థనకు ఈడ్చుకుంటూ వెళ్ళేవాణ్ణి. అక్కడ వాక్యం చెప్పేది మాస్టారే. ఘనా దేశంలో మిషన్ బడిలో ఇరవయ్యేళ్ళు బైబిలు పాఠం చెప్పి, రిటైరై కూతురి దగ్గరికి వచ్చిన మనిషి. ప్రసంగం మొదలుపెట్టే ముందు ఎప్పుడూ ఒక నిట్టూర్పు.

ఒకరోజు రైలు కోసం నిలబడి ఉండగా ఆ నిట్టూర్పు సంగతి చెప్పారు. ఆయనతో పాటు బైబిలు చెప్పే క్వామె అనే ఆ ఊరి పంతులు, రోజూ పొద్దున్నే గుమ్మం ముందు నేలమీద నీళ్ళు వదిలి, తాతల పేర్లు పిలిచేవాడట.

"ఆ సంగతి మిషన్‌లో పైవాళ్ళకి ఉత్తరం రాశానురా అబ్బాయ్. రాసిందంతా నిజమే. పాపం, అతని ఉద్యోగం ఊడింది. ఊరొదిలి పోయే ముందు నా గుమ్మంలో కూడా నీళ్ళు వదిలి, మీ నాన్న పేరేంటని అడిగాడు."

"చెప్పారా?"

"సిగ్గేసింది. చెప్పలేదు."

ఆ ఏడాదే మా నాన్న పోయాడు. ఇంట్లో బాప్తిస్మం తీసుకున్నది నేనొక్కణ్ణే. దహనానికి అందలేకపోయాను. "పెద్దకర్మకైనా వస్తావా, నీ ఏసయ్య ఒప్పుకోడా?" అన్నాడు అన్నయ్య ఫోనులో. మా సంఘం కట్టడి ఒకటే: కర్మలో కూర్చున్నవాడికి బల్ల లేదు. అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం అందవు. ఈ దేశంలో నాకు చుట్టాలన్నా పక్కాలన్నా ఆ సంఘమే. ఏం చెయ్యాలో పాలుపోక మాస్టారి దగ్గర ఏడ్చాను.

"వెళ్ళు నాయనా. కన్నతండ్రిని మర్చిపొమ్మని దేవుడు అనడు. వచ్చాక బల్ల నేనిస్తాగా."

వెళ్ళాను. నువ్వులూ నీళ్ళూ వదిలాను. గుండుతో తిరిగొస్తే ఇక దాచేదేముంది? మాస్టారు అందరి ముందూ మొదటి రొట్టెముక్క నాకే ఇచ్చారు. ప్రార్థన కాగానే సంఘ పెద్దలు నన్ను వంటింట్లోకి పిలిచి, ఎవరు వెళ్ళమన్నారని అడిగారు. నా అంతట నేనే వెళ్ళానంటే సరిపోయేది. నా నోరు పడిపోయినా బాగుండేది.

"మాస్టారే వెళ్ళమన్నారండి" అన్నాను.

నన్ను క్షమించారు. ఆయన్ని మాత్రం వాక్యం చెప్పొద్దన్నారు, బల్లకూ దూరం పెట్టారు. లిఫ్టు దగ్గర ఆయన కాళ్ళు పట్టుకోబోతే లేవదీశారు.

"నువ్వూ నిజమే చెప్పావు కదరా" అన్నారు, బాగా అలిసిపోయిన గొంతుతో. ఆ తర్వాత ఆయన ఏ సంఘానికీ వెళ్ళలేదు. రెండేళ్ళకు పోయారు.

ఇప్పుడు ఆ బూన్ లే ప్రార్థనలో వాక్యం చెప్పేది నేను. కట్టడి మారలేదు, అడిగే పెద్దలూ మారలేదు. షిప్‌యార్డులో పనిచేసే తమ్ముళ్ళు, ఊళ్ళో తండ్రో తల్లో పోతే, "కర్మకి పోవచ్చా అన్నా?" అని నా దగ్గరికే వస్తారు. వెళ్ళమంటాను. ఎవరైనా అడిగితే నా పేరే చెప్పమని మరీ మరీ చెప్తాను. గుండుతో తిరిగొచ్చిన ప్రతివాడూ, పెద్దల ముందు నిలబడి, "నా అంతట నేనే పోయానండీ" అంటున్నాడు.