గంధం పూసిన మెమరీ కార్డు

పదేళ్ల కిందట, దీపావళికి ముందు వారం. చింతాద్రిపేటలో మోటారు విడిభాగాలు అమ్మే ఒక సంస్థకు నేను నెట్‌వర్క్ మేనేజరును. శాఖలన్నిటి ఆర్డర్లూ వచ్చి చేరే ప్రధాన రౌటరు ఆ సోమవారం పొద్దున్నుంచి తనంతట తానే ఆగిపోయి మళ్లీ లేవడం మొదలుపెట్టింది.

దాంట్లో ఉన్నది రౌటరు కంపెనీ మెమరీ కాదు. ఏడాది ముందు మెమరీ చాలకపోతే బయటి తయారీదారుది వేయించాను. అంతమాత్రాన, రౌటరు చెడితే కంపెనీ బాగుచేసిచ్చే సపోర్టు పోదని, ఒప్పందం మూడుసార్లు చదివి జనరల్ మేనేజరుకు నోట్ రాసి సంతకం పెట్టింది నేనే. సపోర్టు వాళ్లు కాదంటే రౌటరుతో పాటు నా మాటా పోతుంది. నిజం చెప్పొద్దూ, భయపడ్డాను.

ఫోనులో సపోర్టు ఇంజనీరమ్మాయి నిబంధన ప్రకారమే మాట్లాడింది. బయటి మెమరీ తీసి, రౌటరుతో వచ్చిన అసలుది వేసి చూడమంది. అప్పుడూ ఆగిపోతే తప్పు తమది, రౌటరు మారుస్తారు. ఆగకపోతే తప్పు మా మెమరీది. న్యాయమే. ఆ అసలు మెమరీని భద్రంగా ఉంచమని స్టోర్‌కీపర్ నాయుడుగారికి ఏనాడో అప్పగించాను.

మూడు తరాలుగా అదే నగరంలో, పురసవాక్కంలోనే ఉన్న తెలుగు కుటుంబం ఆయనది. ఆయన చేతికిచ్చిన వస్తువు పోవడమనేది లేదు. “ఈడనే ఉండాది సార్” అంటూ బీరువా తీసి, పట్టుగుడ్డలో చుట్టిన కార్డు నా చేతిలో పెట్టారు. రౌటరులో దిగాల్సిన బంగారు పూత అంచు పొడుగునా ఎండిన గంధం. మధ్యలో కుంకుమ.

నేను నోరు తెరిచేలోగా ఆయనే, “ఆయుధ పూజ కదా సార్. మిషన్లకంతా పెట్టి దీనికి మాత్రం పెట్టకుంటే ఎట్లా? చానా ముఖ్యం అని మీరే గదా అంటిరి” అన్నారు. అన్నది నేనే.

స్పిరిటూ పెన్సిలు రబ్బరూ పట్టుకుని అరగంట కూర్చున్నాను. మొదటిసారి వేస్తే రౌటరు లేవనే లేదు. లైన్లో ఉన్న అమ్మాయికి గంధం సంగతి ఏ నోటితో చెప్పను? ఒక్క నిమిషం అని మళ్లీ తుడిచాను. ఈసారి లేచింది. ఇరవై నిమిషాలు నడిచి, అసలు మెమరీతోనే చక్కగా ఆగిపోయింది. యంత్రం చెడినందుకు అంత సంతోషించడం నా ఉద్యోగంలో అదే మొదలు.

మర్నాడు కొత్త రౌటరు వచ్చింది. పాతదాన్ని తీసుకుపోయినతను రసీదులో ‘మెమరీ మీద ఎర్ర మరక’ అని రాసుకున్నాడు.

బయటి మెమరీ వాడొచ్చు, సపోర్టు పోదు. కానీ అసలుది దగ్గరుండాలి, పనిచేసేలా ఉండాలి. భద్రంగా ఉంచమన్నానే గాని ఎలాగో చెప్పలేదు. ఆ తప్పు నాది. అప్పటినుంచి అలాంటివాటిని కవరులో పెట్టి, సీలు వేసి, పైన సీరియల్ నంబరు రాసి ఇచ్చేవాణ్ని. మరుసటి ఆయుధ పూజకు నాయుడుగారు సరిగ్గా ఆ నంబరు మీదే బొట్టు పెట్టారు. ఆపైన నంబరు రాసిన చీటీ ఒకటి కవరు లోపల కూడా పెట్టేవాణ్ని.