కరకట్ట దాకా ఈదిన పిల్ల

ఈ నెల మొదట్లో మా మేనత్త పోయింది. పటమటలో తన ఇంట్లో, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. నేను రాసిన పిల్లల పుస్తకం చదివినవాళ్లకి ఆవిడ తెలుసు. వరదలో గేదె తోక పట్టుకుని ఈదిన పిల్ల ఆవిడే.

మాది కృష్ణ మధ్యలో ఉన్న లంక ఊరు. అత్తయ్యకి పదేళ్లప్పుడు, పెద్దవాళ్లంతా అవతలి ఒడ్డుకి పనికెళ్లిన పూట ఏరు పొంగింది. నాలుగేళ్ల తమ్ముణ్ణి గేదె మీదకి ఎక్కించి, మెడ గట్టిగా పట్టుకోమని చెప్పి, తను తోక పట్టుకుని కరకట్ట దాకా ఈదింది. ఆ తమ్ముడే మా నాన్న.

నేను రాస్తున్నప్పుడు అత్తయ్య ఒకటే మాట అంది. "కథలో పిల్ల ఏడిస్తే ఏడవనీ. పని మాత్రం దానిచేతే చేయించు."

అలాగే రాశాను. సాయంత్రాలు అత్తయ్య వీధిలో ఆడపిల్లల్ని వరండాలో కూర్చోబెట్టుకుని ఆ పుస్తకం చదివించేది. మధ్యలో ఆపి, "నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో మీ అక్క రాయలేదు," అని తనే కలిపేది.

తర్వాత దాన్ని సినిమా తీస్తామని వచ్చారు. "అంత చిన్న ఆడపిల్ల ఈదిందంటే జనం నమ్మరండీ. తమ్ముణ్ణి అన్నని చేద్దాం. అతనే కాపాడతాడు," అన్నారు. సరేనన్నాను. నా కథ తెర మీదకి వస్తే చాలనిపించింది. అత్తయ్యకి మాత్రం చెప్పలేదు.

సినిమా వచ్చాక బెంజ్ సర్కిల్ దగ్గర హాల్లో చూశాం. అత్తయ్య మంగళగిరి చీర కట్టుకుని, వీధి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. తెర మీద ఆ పిల్ల ఇంటికప్పు మీద కూర్చుని ఏడుస్తోంది. అన్న ఈదుకుంటూ వస్తున్నాడు. నేను పక్కకి తిరిగి చూడలేకపోయాను.

ఆటోలో తిరిగి వచ్చాం. ఇల్లు వస్తుందనగా అత్తయ్య అడిగింది.

"మరి అంతసేపూ నేనేం చేస్తున్నట్టే?"

"సినిమా కదత్తయ్యా."

"అవున్లే," అంది.

ఆ తర్వాత వరండాలో వేరే పుస్తకాలు చదివించింది. నాది తియ్యలేదు. తప్పయిందని చెబుదామనే వెళ్లేదాన్ని. కాఫీ ఇచ్చి, కూరల ధరల గురించో మోకాళ్ల గురించో మాట్లాడేది. కోపం లేదులే అనుకుని, ఆ తేలికతోనే వచ్చేసేదాన్ని.

పెద్దకర్మ రోజు వీధి పిల్లలంతా వచ్చారు. ఈమధ్యే ఆ వీధికి వచ్చిన, సినిమా మాత్రమే చూసిన ఒక పాప ఫోటో దగ్గర నిలబడి, "ఈ మామ్మని వాళ్లన్నయ్య కాపాడాడంట," అని పక్కపిల్లకి చెబుతోంది. నేను నోరు తెరిచేలోపే కుర్చీలోంచి నాన్న అన్నాడు.

"అన్నయ్య లేడమ్మా. నేను తమ్ముణ్ణి. మా అక్కే నన్ను కాపాడింది."

పాప ఆయన దగ్గరికి వెళ్లింది. నాన్న తనకి గుర్తున్నదంతా చెప్పాడు. అంతా విని ఆ పిల్ల అడిగింది.

"మామ్మకి ఈత ఎవరు నేర్పారు తాతయ్యా?"

నాన్న నావైపు చూశాడు. పుస్తకం రాసినదాన్ని నేనే కదా. ఆ మాట నేనెప్పుడూ అత్తయ్యని అడగలేదు. పాప మా ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూస్తూ, జవాబు కోసం అలాగే నిలబడి ఉంది.