దమ్మున్నదని చెప్పింది నేనే

నాకు కోపం ఎక్కువ. కానిస్టేబులు ఉద్యోగానికి అది ఉండాల్సిన గుణమే అనుకునేవాణ్ణి. ఎనభైల మధ్యలో అమీర్‌పేటలోని మా ఇంటి నుంచి పంజగుట్ట మీదుగా సైకిలు తొక్కుకుంటూ ఠాణాకు పోయేవాణ్ణి. ఏ ఠాణానో చెప్పను. అందులో లాకప్పు గది ఒక్కటే, ఆరుగురు కూర్చుంటే నిండిపోయేది. పైన చిన్న వెంటిలేటరు ఉండేది కానీ, ఎవడో బయటి నుంచి బ్లేడు అందించాడని దానికి చెక్క కొట్టేశారు.

ఆ ఎండాకాలం ఊరేగింపు బందోబస్తుకు ముందు పాత రౌడీల లిస్టు బయటికి తీసి, పద్నాలుగు మందిని పట్టుకొచ్చి ఆ గదిలో కుక్కాం. సెంట్రీ డ్యూటీ నాది. తలుపు పడకపోతే చివరివాడి వీపు మీద బూటు పెట్టి తోశాను. అందులో సైకిలు పంక్చర్లు వేసే చాచా కూడా ఉన్నాడు. పంజగుట్ట చౌరస్తా పక్క సందులో కూర్చునేవాడు. నా ట్యూబుకు ఆయన వేయని ప్యాచీ లేదు. వయసులో ఉన్నప్పుడు ఏదో కొట్లాటలో ఆయన పేరు లిస్టుకెక్కిందట. ఆయన ముసలివాడైనా పేరు మాత్రం అందులోంచి దిగలేదు.

రెండో రోజు పొద్దున ఆయన దగ్గు విన్నాను. ఆ దగ్గు నాకు తెలుసు. మా అమ్మ అలాగే దగ్గి దగ్గి పోయింది. కిటికీలు తెరిచి పెట్టండి, ఉమ్మే డబ్బాలో ఫినాయిలు పొయ్యండి, మొహంలో మొహం పెట్టి దగ్గనివ్వకండి అని డాక్టరమ్మ మా నాన్నకు నూరిపోసింది. చాచా తువ్వాల మీద ఎర్రటి మరక కనపడింది. గాలాడని గదిలో పద్నాలుగు మంది ఒకరు విడిచిన ఊపిరి ఒకరు పీలుస్తున్నారు. ఆయన్ని బయటికి తీయకపోతే మిగతా పదమూడు మందికీ అంటుకుంటుంది.

ముందు డాల్డా డబ్బాలో ఫినాయిలు పోసి ఊచల్లోంచి అందించాను.

"చాచా, గిండ్ల ఉమ్ము. కింద ఉమ్మకు."

అదే కొంప ముంచింది. పక్కన కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టు ఒకడు ఉన్నాడు. సినిమా ఫైటింగుల్లో దెబ్బలు తినడమే వాడి పని. అందుకే అందరూ ఫైటర్ అనేవాళ్లు. వాడు డబ్బాలోకి తొంగి చూసి అరిచాడు.

"అరే, రక్తం! గీ ముసలోడు మనందర్ని చంపుతడు!"

గదంతా ఆయన మీద పడింది. ఒకడు డొక్కలో తన్నాడు. ఇంకొకడు మెడ పట్టుకుని ఉచ్చ బకెట్టున్న మూలకు ఈడ్చాడు. ఫైటర్ అయితే సినిమాల్లో తిన్న దెబ్బలన్నీ ఆయన మీద తీర్చుకున్నాడు. నేను తలుపు తీసి అందినవాణ్ణి అందినట్టు లాఠీతో బాదాను.

"ఆగుండ్రిరా బద్మాష్‌గాండ్లు! సస్తడురా ఆయన!"

ఒకడి మోచెయ్యి పటుక్కుమంది. వాడు గోడకు జారిపడి ఏడ్చాడు. కాపాడుతున్నాననే ఊపులో నేను చాచాను కూడా ఒకటి కొట్టాను. గది సద్దుమణిగాక, గోడ నిండా నెత్తురు మరకలు చూసి ఎస్సై దగ్గరికి పరుగెత్తాను.

ఎస్సై కోస్తా మనిషి, ఈ పక్కకు కొత్త. నేను రొప్పుతూ సెల్యూట్ కొట్టాను.

"సార్, గా పంక్చర్ల ముసలాయన్ను బైటికి తీద్దాం సార్. ఆయనకు దమ్మున్నది. మస్తు దమ్మున్నది సార్."

మా ఇళ్లల్లో దమ్ము అంటే ఆయాసం. క్షయ అనే మాట మేం నోటితో అనం, అంటే ఇంటికొస్తుందని భయం. మా అమ్మకు కూడా చివరిదాకా దమ్మే అన్నాం. నా నోటికి అదే వచ్చింది.

ఎస్సై కుర్చీని వెనక్కి తన్ని లేచాడు.

"ఏంటీ? ఆ గొడవంతా వాడిదేనా? అంత దమ్ముందా వాడికి? తీసుకురావయ్యా, నేనూ చూస్తాను!"

చాచాను వరండాలోకి ఈడ్పించాడు. నన్నే ఈడ్చమన్నాడు. ఈడ్చాను.

"చూపించరా నీ దమ్ము!" అంటూ మోకాళ్ల మీద కొట్టాడు. చాచా కూలబడి చేతులు జోడించాడు. "చూపించరా!" అని వీపు మీద కొట్టాడు. బూటుతో పక్కటెముకల్లో తన్నాడు. చాచాకు మాట రాలేదు, దగ్గు వచ్చింది. నెత్తురు ఎస్సై ఖాకీ చొక్కా మీద చిమ్మింది. కావాలనే ఉమ్మాడనుకుని ఎస్సై మరింత రెచ్చిపోయాడు.

నేను పక్కనే అటెన్షన్‌లో నిలబడి ఉన్నాను. సార్, దమ్మంటే ఆయాసం సార్. అంతే చెప్పాల్సింది. నోట్లోంచి ఊడిపడలేదు. లాకప్పులో ఊచల వెనక ఉన్నవాళ్ల మీద లాఠీ ఎత్తిన మొనగాణ్ణి, థూ, ఎస్సై ముందు నాలుక మడతపడింది. ఉద్యోగం పోతుందని భయం. ఎస్సై చేతిలో లాఠీ విరిగేదాకా ఆ భయంతోనే నిలబడ్డాను.

ఎస్సై జీపెక్కి లక్డీకాపూల్ బందోబస్తుకు పోయాడు. నేను చాచాను ఆటోలో వేసుకుని ఆస్పత్రికి బయల్దేరాను. ఆయన తల నా భుజం మీద ఊగుతోంది. మాట గాలిలాగా వచ్చింది.

"బేటా, నాకు దమ్మున్నదని నువ్వు చెప్పినవా?"

"ఆయాసమున్నదని చెప్పిన చాచా. సార్‌కు వేరే తీరుగ సమజైంది."

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఫిర్ బోల్‌నా థా నా, బేటా?"

మరి చెప్పాల్సింది కదా అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆస్పత్రిలో చేర్చిన మూడో రోజు చాచా పోయాడు. విరిగిన ఎముకలు ఒకవైపు, తినేసిన ఊపిరితిత్తులు ఒకవైపు. ఆ గదిలో ఇంకెవరెవరున్నారో కనుక్కుని, అందరి ఉమ్మి పరీక్ష చేయించమని డాక్టరు నన్ను తిట్టాడు. అక్కణ్ణుంచి నేరుగా ఠాణాకు వచ్చి గడ్డపలుగుతో వెంటిలేటరు చెక్కను పెళ్లగించాను. హెడ్డు కానిస్టేబులు కేకలేస్తుంటే చెక్క ముక్క ఆయన కాళ్ల దగ్గర విసిరేశాను. ఎస్సై వచ్చి ఆ రంధ్రం వైపు చూసి, తన గదిలోకి పోయాడు. అందరికంటే ముందు ఎక్స్‌రే తీయించుకున్నది ఆయనే.

ఊరేగింపు అయిపోయాక వదిలేసిన ఆ పదమూడు మంది ఇళ్లకూ తిరిగాను. ఖాకీ చూడగానే పారిపోయేవాళ్లు. తరుముకుంటూ పోయి, కాలర్ పట్టుకుని, బూతులు తిట్టి మరీ ఆస్పత్రికి పంపాను. అప్పటికి అందరూ బాగానే ఉన్నారని డాక్టర్లన్నారు. కొన్ని నెలలకు ఫైటర్ తనంతట తానే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయాయి. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాను.

చీటీ రాసే అతను ఏం తక్లీఫ్ అని అడిగాడు.

"దమ్మున్నది సార్," అన్నాడు ఫైటర్.

నా చెయ్యి లేచి వాడి చెంప మీద పడింది. అంత జబ్బు మనిషి తూలి బల్ల పట్టుకున్నాడు.

"ఆయాసం అని చెప్పురా!" అని అరిచాను. "ఆయాసం అను!"

వాడు చెంప పట్టుకుని తెల్లబోయి చూశాడు. "ఎందుకు కొట్టినవ్ అన్న? నేనేమన్న?" అని అడిగాడు.

అప్పుడు కూడా నేను చెప్పలేదు.