గొట్టంలో గడ్డకట్టిన తగరం

నల్లమాడ బస్టాండు వెనక సందులో రంజాన్ బీ చేత తగరపు కళాయి పూయించుకోని ఇత్తడి గిన్నె లేదు. భర్త పోయిన నాటి నుంచి కొలిమి తిత్తి ఆమె చేతిలోనే ఉంది.

ఆ పొద్దున మనవరాలు ఇర్ఫానా బడికి పోతూ పోతూ తాను రాసిన కథ వినిపించింది. ఆ రోజే బడిలో సైన్సు పండగలో అందరి ముందూ చదవాలి. కథలో అంతరిక్ష నౌక ఉంది. ఇంజను వేడిని గొట్టాల్లో పారే కరిగిన తగరం మోసుకెళ్లి, బయటి రెక్కల మీదుగా ఆకాశంలోకి వదిలేస్తుంది.

"కాలే తగరంతో చల్లబెట్టేదేందే? నీళ్లు దొరకలేదా నీకు?"

"ఆ వేడికి నీళ్లు ఆవిరైపోతాయి జేజీ. తగరం రెండున్నర వేల డిగ్రీలు దాటితే గానీ మరగదు. ఇంజను ముందర అదే చల్లన."

రంజాన్ బీకి ఆ మాట భలే నచ్చింది. కానీ పక్కింటి రత్నమ్మ కళాయికి తెచ్చిన ఇత్తడి గుండిగను కొలిమి మీద తిప్పుతుంటే తిత్తి మీద చెయ్యి ఆగిపోయింది. కథలో కెప్టెన్ మరమ్మతుకని పది రోజులు ఇంజను ఆపేశాడు. తర్వాత ఒక్కసారిగా వెలిగించాడు.

పది రోజులా! తగరం గొట్టాల్లో రాయిలా బిగిసిపోదూ?

మణికట్టు మీది మచ్చ తడుముకుంది. పని నేర్చుకునే రోజుల్లో, మూసలో గడ్డకట్టిన తగరానికి కింద మంట పెట్టింది. అడుగున కరిగింది, పైన పెంకు అట్లాగే ఉంది. కరిగింది ఉబ్బి, దారి లేక, పెంకు పగలగొట్టుకుని చేతి మీదికి చిమ్మింది. ఆ నౌకలో పన్నెండు మంది ఉన్నారు.

"ఏమ్మా, నా గుండిగ మాడ్తాండాది!" రత్నమ్మ అరిచింది.

"ఆడ పన్నెండు మంది సచ్చిపోతాండారు రత్నమ్మా!"

"యాడ?"

"మా ఇర్ఫానా కథలో."

"కథలో వాళ్ల కోసం నా గుండిగ కాల్చేస్తావా?"

గుండిగ దించి, రత్నమ్మను కొలిమి దగ్గర కాపలా కూర్చోబెట్టి, మసి చేతులతోనే ఆటో ఎక్కింది. కుదురుగా కూర్చుంటేనా! "ఇంగా ఎంత దూరమప్పా?" అని నాలుగుసార్లు అడిగింది.

"బడి యాడికీ పోదు అవ్వా," అన్నాడు ఆటో నడిపే ఓబిలేష్.

బడి వరండాలో ఇర్ఫానా కథ పట్టుకుని నిలబడి ఉంది. రంజాన్ బీ రొప్పుతూ వెళ్లి భుజం పట్టుకుంది.

"పాపా, మొదట్లోనే గొట్టం నడుమ వేడి తగలనీయొద్దు. కొసన మూత తెరిసి, ఆడ నుంచి కరిగించుకుంటా రావాల. కరిగింది పారేకి దావ ఉండాల. లేకుంటే గొట్టం పగుల్తాది!"

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఇర్ఫానా ముఖం ఎర్రబడింది. కళ్లు మాత్రం జేజి మణికట్టు మీదికి పోయాయి.

"నీకు ముందర ఇంకా ఇద్దరుండారు. మార్చుకో," అంది భారతి మేడం.

ఇర్ఫానా నేల మీదే కూర్చుని గబగబా రాసింది. చదివేటప్పుడు కెప్టెన్ ముందు గొట్టాల కొసనున్న తొట్టి మూత తెరిచాడు. అక్కడి నుంచి జానెడు జానెడుగా గొట్టాలు వెచ్చబెట్టాడు. రంజాన్ బీ మచ్చ మీద చెయ్యి బిగించి వింది. తగరం కదిలింది, ఇంజను వెలిగింది అన్న మాట చెవిన పడ్డాకే వదిలింది.

చప్పట్లు మొదలయ్యేసరికి ఆమె చెప్పులు వెతుక్కుంటోంది. రత్నమ్మ గుండిగకు ఇంకా సగం కళాయే పడింది.