ఇండోలెంట్ అంటే ఎవరు?

ఎనభైల్లో మా గద్వాల కాలేజీలో ఇంగ్లీషు సారుకు విశేషణాలంటే పిచ్చి. బోర్డు మీద కొత్త మాట రాయగానే, దానికి తగిన మనిషిని క్లాసులో వెతికి నిలబెట్టేవాడు. అర్థం చెవులతో వింటే చాలదట, కళ్లతో చూడాలట.

ఒకరోజు 'ఇండోలెంట్' అని రాశాడు.

"అంటే ఒళ్లు వంచని సోమరి. ఇదిగో, ఇలా!" అంటూ, బల్ల మీద తలవాల్చి నిద్రపోతున్న మా పెదనాన్న కూతురి వైపు సుద్దముక్క చూపించాడు. ఆమెను లేపి గంట కొట్టేదాకా నిలబెట్టాడు. క్లాసంతా నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది. గద్వాల చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నూలు ఒంటినీ పట్టు అంచునీ పోగు పోగునా కలుపుతూ పోవాలి. ఒకరు లేస్తే ఇద్దరి పనీ ఆగుతుంది. అక్క తెల్లారకముందే పెదనాన్న పక్కన కూర్చుని అంచు నేసి, అటునుంచటే కాలేజీకి వచ్చేది. ఇదే ఊళ్లో ఉంటూ ఆ పెద్దమనిషికి ఇది తెలియదా? ఒక్కమాట అడిగితే నోరు అరిగిపోతుందా?

ఎండాకాలంలో ఆయనే భార్యకు చీర కోసం మా ఇంటికి వచ్చాడు. మగ్గం మీది అంచు నిమిరి, "ఎక్స్‌క్విజిట్!" అన్నాడు.

"గట్లంటే ఏంది సార్?" అన్నాడు పెదనాన్న.

"అపురూపం అని."

అక్క చేతిలో, పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆగింది. తలెత్తకుండానే అడిగింది.

"ఇప్పుడు గూడ నిలవడాల్నా సార్?"