అట్టముక్క మీద లేని ఊరు

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా అయ్యాక పద్నాలుగు కంపెనీలకు దరఖాస్తు పెట్టాను. ఒక్కటీ జవాబివ్వలేదు. జనగామలో రైతుల మోటార్లు వైండింగ్ చేసే దుకాణం సేటు మాత్రం, "నెల రోజులు చూస్త. పని వస్తే ఉండు" అన్నాడు. అప్పటికి అక్కడ ఐదుగురు. ఐదిళ్లకూ అదే ఆధారం. నేను ఆరోవాణ్ణి. వాళ్లు జరిగి నాకు చోటిచ్చారు.

పని నేర్పింది తండా నుంచి బస్సులో వచ్చే అక్క. కాలిన కాయిల్ విప్పుతూ చుట్లు వాళ్ల భాషలో లెక్కపెట్టి, మొత్తం తెలుగులో చెప్పేది.

మొదటి వారంలోనే నేను ప్రతి మోటారుకూ ఒక అట్టముక్క కట్టడం మొదలుపెట్టాను. హార్స్‌పవర్, ఫేజులు, తీగ మందం, రైతు ఫోన్ నంబరు. అంతకుముందు సేటు మోటారు మీద సుద్దతో ఊరి పేరొక్కటే రాసేవాడు. నంబరుండగా ఊరెందుకని అది మాన్పించాను.

ఇరవై రెండో రోజు అక్క రాలేదు. తరిగొప్పుల వైపు రైతు ఒకాయన మోటారు దింపిపోయాడు. పాత కాయిల్ కోసేసి, పుస్తకంలో ఉన్నన్ని చుట్లు వేశాను. దుకాణంలో చక్కగా తిరిగింది. మర్నాడు పొద్దున్నే అదే మోటారు ఆటోలో వెనక్కి వచ్చింది.

"గిదేం మోటరు సేటూ? మూలుగుడే గాని నీళ్లు ఎత్తుతలేదు. వరి పొట్ట మీదున్నది. ఇంకో రెండు రోజులైతే గడ్డి కోసుకోవాలె!"

సేటు నావైపు తిరిగాడు. "ఇంజినీరు సాబ్, గిది ఏ ఊరి మోటరు?"

అట్టముక్క చూశాను. ఊరు లేదు.

అప్పుడు చెప్పాడు. ఆ ఊరు కరెంటు లైను చివర ఉంది, వోల్టేజీ తక్కువ. అలాంటి ఊళ్ల మోటార్లకు చుట్లు తగ్గించి మందం తీగ వాడాలి. సుద్దతో ఊరు రాసేది అందుకే.

పని పోయిందనుకున్నాను. అప్పుడే బస్సు దిగి వచ్చిన అక్క టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది. "నేను చెప్పకపోతె పిలగానికి ఎట్ల తెలుస్తది సేటూ? తప్పు నాది గూడ."

"అయితె ఇద్దరు కూసోండ్రి. పొద్దుగూకకముందే మోటరు పోవాలె."

నేను తీగ అందించాను. అక్క ఆ రోజు నాకోసం చుట్లన్నీ పైకి, తెలుగులో లెక్కపెట్టింది. మోటారుతో పాటు ఆటోలో నేనూ వెళ్లాను. స్విచ్చేస్తే పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు పోసింది. రైతు ఆ నీళ్లతోనే మొహం కడుక్కుని, "గీ పని నిన్ననే చెయ్యరాదె తమ్మీ" అని నవ్వాడు.

తిరిగొచ్చేసరికి సేటు షట్టరు సగం దించి నాకోసం ఆగి ఉన్నాడు. అట్టముక్కల కట్ట చేతికిచ్చి, "రేపటి సంది ఊరు ముందుగాల రాయి" అన్నాడు.

నెలకు ఇంకా వారం ఉంది. ఆ మాట విన్నాక రోజులు లెక్కపెట్టడం మానేశాను.