పంటి నడుమ ఎర్ర మచ్చ

చేవెళ్లలో షాబాద్ దారి మొదట్లో వరప్రసాద్ షెడ్డు. దాన్ని ఆనుకొని నా లేత్ మిషన్ దుకాణం. పద్దెనిమిదేళ్లుగా మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క రేకుల గోడే. నోటిదురుసు మనిషినని నాకు పేరు, చెవి గల మనిషని అతనికి పేరు. ట్రాక్టర్ నడుస్తుండగా పెద్ద స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కూ ఇంకో కొస చెవికీ ఆనించి, ఫలానా బేరింగ్ పోయిందని చెప్పేవాడు. విప్పి చూస్తే అదే పోయి ఉండేది. ఆలూరు నుంచి, షాబాద్ నుంచి రైతులు అతన్ని వెతుక్కుంటూ వచ్చేది ఆ చెవి కోసమే. పానాలు తిప్పేవాళ్లు చేవెళ్లలో ఇంకో నలుగురున్నారు.

కనకమామిడి ఝాన్సీది భూములున్న ఇల్లు. ఒకసారి సర్పంచ్‌గా నిలబడి పదకొండు ఓట్లతో ఓడిపోయింది. ఆ పదకొండు మంది ఎవరో తనకు తెలుసని ఇప్పటికీ అంటుంది. మొయినాబాద్ దగ్గర ఎవరిదో ఫాంహౌస్ అమ్ముడుపోతుంటే, అక్కడి షెడ్డులో కోళ్లు గుడ్లు పెడుతున్న పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఆమె కంటపడింది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, అరవై ఏళ్ల కిందటి ఇంగ్లీషు బండి. కోళ్లను వెళ్లగొట్టి దాన్ని ఇంటికి తెచ్చుకుంది. రెండేళ్లు పట్టి ఇంజన్ చేయించింది, రంగు వేయించింది. మిగిలింది డిఫరెన్షియల్, అంటే ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు పంచే పళ్లచక్రాల పెట్టె. సిటీలో వాళ్లు ఆ పెట్టె పారేసి వేరే బండిది వేద్దామన్నారు. ఆమె వినలేదు, బండిని తీసుకొచ్చి వరప్రసాద్‌కు అప్పజెప్పింది.

"అన్నా, దీని పెట్టె దీనికే ఉండాలె. అయితదా?"

"ఎందుకు కాదమ్మా? మనిషి చేసిందే గద," అన్నాడు వరప్రసాద్.

పది రోజుల్లో బేరింగులు మార్చి, పళ్లు కడిగి, పెట్టెను మళ్లీ బిగించాడు. పదకొండో రోజు పొద్దున ఆమె నడుపుతుంటే అతను పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ మొయినాబాద్ దాకా వెళ్లి వచ్చారు. బండి ఇంకా మలుపు తిరగకముందే నాకు దాని ఊళ వినిపించింది. సన్నగా, తెగకుండా, పంటి మీద గోరు గీస్తున్నట్టు. వరప్రసాద్ మాత్రం పెళ్లికొడుకులా నవ్వుతూ దిగాడు.

"చూసినవా ఆనంద్ బాబూ? సప్పుడే లేదు," అన్నాడు నాతో.

ఝాన్సీ ముఖం ఎర్రబడింది. "అన్నా, నేను ఆడిదాన్నని గిట్ల మాట్లాడుతున్నవా? దార్ల పోయేటోళ్లందరు నిలబడి చూసిన్రు. ఇంత ఊళ పెడుతుంటే సప్పుడు లేదంటవేంది?"

అతను ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. అబద్ధం చెబుతున్న మనిషి ముఖం కాదది. అప్పుడే అన్నం గిన్నెతో వచ్చిన అతని భార్య మేరీ గిన్నెను బల్ల మీద పెట్టి, చుట్టూ తిరిగి అతని ఎదురుగా నిలబడి, పెదాలు కదిలేలా నిదానంగా చెప్పింది. "సప్పుడొస్తున్నదంట."

ఆ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడడం నేను రెండు మూడేళ్లుగా చూస్తూనే ఉన్నాను. మొగుడంటే ఎంత ప్రేమో అని ఎకసెక్కాలు కూడా ఆడాను. ఈ మధ్య ఆమె పొద్దునే షెడ్డుకు వచ్చి కూర్చుని, రైతులను ఏం సప్పుడు, ఎప్పుడొస్తది, గేరు మారిస్తే తగ్గుతదా అని గుచ్చి గుచ్చి అడుగుతుంటే, పెళ్లాన్ని కాపలా పెట్టుకున్నావా అని నవ్వాను. ఆమె అడిగి తెలుసుకుని అతనికి చేరవేసేది. ఆ తర్వాత అతను స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకునేవాడు. రేకుల గోడకు ఇటువైపే ఉండి ఆ మాత్రం పసిగట్టలేకపోయిన నా మీద నాకే మండిపోయింది.

"ఎడమది మూడేండ్ల కింద పోయింది," అన్నాడు వరప్రసాద్ తలదించుకుని. "కుడిదాంట్ల మోటు సప్పుళ్లు ఇనబడ్తయి, సన్నయి ఇనబడవు. దవాఖానల మిషిన్ పెట్టుకోమన్నరు. మిషిన్ పెట్టుకున్నోని తాన ట్రాక్టర్ సప్పుడు ఎవ్వడు చూపిస్తడు?"

ఝాన్సీ కోపం దిగిపోయి, తాళం చెవి వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడింది. ముందు తేరుకున్నది ఆమే. సిటీలో తెలిసినవాళ్లున్నారు, పెట్టె అక్కడికి పంపుదామా అని మెల్లగా అడిగింది. వరప్రసాద్ అప్పటికే జాకీ తెచ్చి బండి కింద పెడుతున్నాడు.

"ఇప్పుతా. తప్పెక్కడున్నదో కండ్లతోని చూస్త," అన్నాడు.

తప్పు దొరకడానికి మూడు గంటలు పట్టింది. డిఫరెన్షియల్‌లో పెద్ద చక్రం పళ్లూ చిన్న చక్రం పళ్లూ కలిసే చోట కొంచెం సందు ఉండాలి. ట్రాక్టర్‌కు ఆ సందు కాస్త ఎక్కువే ఉంటుంది. వరప్రసాద్ చేతికి ముప్పై ఏళ్లుగా ఆ ట్రాక్టర్ సందే అలవాటు. చక్రాన్ని అటూ ఇటూ కదిలించి, చేతికి బాగుందనిపించగానే బిగించేశాడు. ఈ బండికి కావలసింది రెండు వెంట్రుకల మందం. చేయి పొరబడినా ఒకప్పుడైతే ఆ తప్పును చెవి పట్టుకునేది.

ఇక చెవి మాట ఎత్తకుండా పనిలో దిగాడు. గోడలకు పూసే ఎర్రటి జాజుమట్టిని పలచటి గుడ్డలో వస్త్రగాళితం పట్టి, నూనెలో కలిపి, పెద్ద చక్రం పళ్లకు పూశాడు. రెండు చక్రాలనూ చేత్తో తిప్పాడు. పళ్లు ఒకదానితో ఒకటి రాసుకున్న చోట జాజు అంటి చిన్న చక్రం పళ్ల మీద ఎర్ర మచ్చ పడింది. మచ్చ పంటి నడుమ పడితే పని కుదిరినట్టు. అంచున పడితే ఊళ తప్పదు. మొదటిసారి అంచునే పడింది.

సందు సవరించాలంటే బేరింగుల పక్కన పెట్టే షిమ్ములు, అంటే పలచటి ఇనుప రింగులు, అటువి ఇటు మార్చాలి. వాటి మందం కుదర్చడం నా పని. గాజుపలక మీద ఎమరీ కాగితం పరిచి ఒక్కో రింగును అరగదీసి ఇచ్చాను. బిగించాడు, జాజు పూశాడు, తిప్పాడు, చూశాడు, విప్పాడు, కడిగాడు. మూడోసారి మచ్చ ఇంకో అంచుకు దాటింది. నేను రింగును నేలకేసి కొట్టి, ఈ ఇంగ్లీషు ముండాకొడుకుల పెట్టె మనకొద్దు అన్నాను. అతను వంగి రింగు వెతికి తెచ్చి, తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"జర పలచగ చెయ్యి."

ఉడుంపట్టు అంటే అదే. ఐదో రోజుకు నా వేళ్ల చర్మం లేచింది. అతని మోకాళ్లు వాచాయి. మేరీ తిట్టి వేడి నూనె రాసింది. తిట్టేది కూడా ఎదురుగా నిలబడే తిట్టింది. ఏడోసారి తిప్పి చూసి పంటి వైపు వేలు చూపించాడు. నడిమధ్యలో, జొన్నగింజ ఆకారంలో, ఒకే తీరుగా అన్ని పళ్ల మీదా మచ్చ. జాజంతా కడిగేసి, కొత్త నూనె పోసి, పెట్టెను బండికి బిగించాడు.

మరునాడు ఝాన్సీ వచ్చి పక్క సీటు తలుపు తీసింది. అతను ఎక్కలేదు.

"నేనొచ్చి ఏం జేస్త? నువ్వే పోయి ఇనిరా. సప్పుడు రాదు."

ఆమె వెళ్లిన కాసేపటికి షాబాద్ బాలప్ప ట్రాక్టర్‌తో వచ్చాడు. పాత గిరాకీ. ఇంజన్ ఆపకుండానే, "అన్నా, ఏందో కిర్రుకిర్రుమంటున్నది. జర చెవి పెట్టి చూడు," అన్నాడు. అలవాటుగా మేరీ లేచింది. వరప్రసాద్ ఆమెను చేత్తో ఆపాడు. ఇంకో ఇద్దరు గిరాకీలు బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేను గోడ పక్కన నిలబడ్డాను.

"బాలప్పా, నాకు ఇనబడదు. మూడేండ్లాయె. బండి ఇడిసిపో, ఇప్పి చూసి చెప్త. రెండు దినాలు పడ్తది."

బాలప్ప అతని చెవుల వంక చూశాడు. బల్ల మీది ఇద్దరి వంకా చూశాడు. "రెండు దినాలంటే కష్టమే అన్నా. దుక్కి నడుస్తున్నది," అని ట్రాక్టర్ తిప్పుకొని వెళ్లిపోయాడు. వాడి వెనక నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను. వరప్రసాద్ మాత్రం అప్పటికే వంగి, కడగవలసిన సామాను గంపలోకి ఏరుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కారు వచ్చి అతని వెనకే ఆగింది. కంకర నలిగిన చప్పుడు తప్ప నాకింకేమీ వినిపించలేదు. అతను వెనక్కి తిరగలేదు, బండి వచ్చిన సంగతే అతనికి తెలియదు. ఝాన్సీ దిగింది, చుట్టూ తిరిగి వచ్చి అతని ఎదుట గొంతుక్కూర్చుంది.

"లేదన్నా," అంది నిదానంగా. "కొంచెం గూడ లేదు."

"తెల్సు," అన్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"బాలప్ప ట్రాక్టర్ ఎదురొచ్చింది. చేపిచ్చుకోకనే పోతున్నడేంది?"

"నాకు ఇనబడదని చెప్పిన. పోయిండు." గంప ఎత్తి బల్ల మీద పెట్టి, అక్కడ ఇంకా కదలకుండా కూర్చున్న ఇద్దరి వైపూ తిరిగాడు. "మీరు గూడ ఇన్నరు గద? పోతే పోండ్రి, లేకుంటే నాకు ఎదురుంగొచ్చి చెప్పుండ్రి."

ఇద్దరిలో పెద్దాయన లేచాడు. అటో ఇటో అని చూస్తున్నాం. నాలుగడుగులు వేసి, వరప్రసాద్ ముందుకొచ్చి నిలబడ్డాడు.